టేపా, కార్డా? ఇంటి వీడియో చెప్పే చరిత్ర

బిలాస్‌పూర్‌లోని తిఫ్రాలో గానీ, రైల్వే కాలనీలో గానీ తెలుగువారి ఇంట బీరువా తెరిచి చూడండి. పెళ్లి ఆల్బమ్ పక్కన అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవైన క్యాసెట్లు కనిపించవచ్చు. అవే మినీ డీవీ టేపులు. వాటి స్థానంలోకి మెమరీ కార్డు ఎలా వచ్చిందో తెలుసుకుందాం.

1956లో అమెరికాకు చెందిన ఆంపెక్స్ సంస్థ తెచ్చిన వీడియో రికార్డరులో టేపు వెడల్పు 2 అంగుళాలు. 1995లో వచ్చిన డీవీ పద్ధతిలో అది 6.35 మిల్లీమీటర్లకు తగ్గింది. గిర్రున తిరిగే హెడ్డు టేపు పైనున్న లోహపు పూత మీద అయస్కాంత గీతలు గీస్తుంది. ఇలా గంట టేపులో దాదాపు 13 గిగాబైట్ల సమాచారం ఇమిడేది. 2000 ప్రాంతంలో దొరికిన 64 మెగాబైట్ల ఎస్‌డీ కార్డులో అదే చిత్రం సుమారు 18 సెకన్లే పట్టేది! అందుకే అప్పట్లో టేపుకు పోటీ లేదు.

2006లో పరిస్థితి మారింది. 32 గిగాబైట్ల దాకా వీలున్న ఎస్‌డీహెచ్‌సీ కార్డు, ఏవీసీహెచ్‌డీ పద్ధతి ఆ ఏడాదే వచ్చాయి. డీవీ ప్రతి ఫ్రేమును విడిగా భద్రపరుస్తుంది. ఏవీసీహెచ్‌డీ మాత్రం చాలా ఫ్రేములలో ముందూ వెనుకల ఫ్రేములతో ఉన్న తేడానే రాసుకుంటుంది. కనుక 16 గిగాబైట్లలో సుమారు రెండు గంటల చిత్రం ఇమిడింది. గంట టేపును కంప్యూటరులోకి ఎక్కించడానికి గంట పడితే, కార్డుకు కొన్ని నిమిషాలు చాలు.

అయితే ఒక్క విషయం గమనించండి. నిండిన టేపును తీసి దాచేవారు. అదే అసలు ప్రతి. కార్డు ఖరీదైనది కాబట్టి కంప్యూటరులోకి ఎక్కించి, చెరిపి, మళ్లీ వాడేవారు. ఆ కంప్యూటరు పాడైతే పెళ్లీ లేదు, పేరంటమూ లేదు!

కార్డు కూడా శాశ్వతం కాదు. అందులో సమాచారం బంధించిన ఎలక్ట్రాన్ల రూపంలో ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అవి మెల్లగా జారిపోతాయి. వేడి ఆ వేగాన్ని పెంచుతుంది. టేపుకు తేమ, బూజు శత్రువులు. వీటికి మించినది యంత్రాల కొరత. జపాన్‌లోని ఫునాయ్ సంస్థ 2016 జులైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. డీవీ క్యామ్‌కార్డర్లూ దుకాణాల నుంచి కనుమరుగయ్యాయి.

మీ ఇంట టేపులుంటే, ఆడించే క్యామ్‌కార్డరు దొరికినప్పుడే కాపీ చేసుకోండి. బూజు పట్టిన టేపును మాత్రం ఆడించవద్దు. రెండు ప్రతులు తీసి, రెండు చోట్ల ఉంచండి. ఏడాదికోసారి తెరిచి చూడండి.