బొమ్మలో లేని తల్లి

ఊరినుంచి ఎవరొచ్చినా సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడం మా ఇంట్లో నా వంతు. మొన్నామధ్య మా పిన్నిగారొచ్చారు. ముసుగు రెబెకా ముందు అందరిలాగే ఆవిడా నిలబడిపోయారు. రాతిలో అంత పల్చటి మేలిముసుగు చెక్కిన బెంజోనీ ఇటలీవాడనీ, మొదటి సాలార్‌జంగ్ దాన్ని 1876లో రోములో కొన్నారనీ చెప్పాను. ఆ తర్వాత యూరపు చిత్రాల గది. నేను కాస్త గొప్పగానే వివరిస్తున్నాను. పిన్నిగారు అంతా విని, "అన్నీ వాళ్ల ఊళ్లూ, వాళ్ల పిల్లలేనా? మన ఊరివాళ్లనెవరూ వెయ్యలేదుటే?" అన్నారు.

వేశారు. ఆ బొమ్మ ఇక్కడ లేదంతే. చేతులు మారి మారి హాంకాంగులో ఒక పెద్ద బ్యాంకు వారి సేకరణలోకి చేరింది. బయటికొచ్చి చెట్టు నీడన కూర్చుని ఫోనులో తీసి చూపించాను.

ఇద్దరు పసివాళ్లు. అన్నకి నాలుగేళ్లు, చెల్లికి మూడు. పిల్లాడు ఎర్రటి జామా, జరీ నడికట్టు, మెడలో ముత్యాల పేట్లతో చిన్న నవాబులా మనకేసి ధీమాగా చూస్తున్నాడు. పిల్ల మాత్రం కళ్లు దించుకుంది. ఇప్పుడే ఏడుపు ఆపినట్టుంది ఆ మొహం.

పిన్నిగారు కళ్లజోడు సవరించుకుని, "వీళ్లమ్మ ఏదీ?" అన్నారు.

ఆ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు సుమండీ! నేను బి.ఏ. చదివింది కోఠీ ఉమెన్స్ కాలేజీలో. 1949లో కాలేజీ ఆ భవనంలోకి రాకముందు అది బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన జేమ్స్ కర్క్‌పాట్రిక్ 1798 నుంచి ఇక్కడ రెసిడెంటు. పాతబస్తీలోని ఒక పెద్ద ఖాందాన్ పిల్ల ఖైరున్నీసాను పెళ్లాడాడు. 1801లో కొడుకు సాహెబ్ ఆలం, 1802లో కూతురు సాహెబ్ బేగం పుట్టారు. రాతి సింహాల పక్కన మెట్ల మీద కూర్చుని మేం టిఫిన్ డబ్బాలు విప్పుకుంటూ ఈ ప్రేమకథ ఎన్నిసార్లు చెప్పుకున్నామో! ఘోషాలో ఉన్న బేగం ముందువైపుకొచ్చి భవనం చూడలేదని ఆయన వెనక తోటలో దాని చిన్న నమూనా కట్టించాడంటారు. పిల్లల సంగతి మాత్రం మేం మాట్లాడుకునేవాళ్లం కాదు.

అప్పటి కంపెనీ కొలువుల్లో తల్లిగాని తండ్రిగాని ఇక్కడివాళ్లయితే చోటు లేదు. 1790ల నాటికే ఆ కట్టుబాటు గట్టిపడింది. అంచేత తెల్లదొరలు ఇలాంటి పిల్లల్ని పసితనంలోనే సీమకు పంపేసేవారు. వీళ్లనీ 1805లో మద్రాసు తీసుకెళ్లి ఓడెక్కించారు. ఎక్కించేముందు జార్జ్ చినరీ అనే చిత్రకారుడి చేత నిలువెత్తు బొమ్మ వేయించారు. తల్లి ఇక్కడే ఉండిపోయింది.

చినరీ సంగతి చెప్పకుండా ఉండలేను. లండన్‌లో పుట్టి, డబ్లిన్‌లో పెళ్లి చేసుకుని, భార్యనీ ఇద్దరు పసిబిడ్డల్నీ అక్కడే వదిలేసి 1802లో మద్రాసు చేరినవాడు. ఆ బిడ్డలూ ఇంచుమించు వీళ్ల ఈడువాళ్లే. తర్వాత అప్పులవాళ్లకి భయపడి కలకత్తా నుంచి మకావుకి పారిపోయి, 1852లో అక్కడే పోయాడు. మనిషిగా నాకైతే మంచి అభిప్రాయం లేదు. కానీ ఆ చిన్నపిల్ల కళ్లు చూస్తే, వేసేటప్పుడు వాడి చెయ్యి ఒక్కసారైనా వణికి ఉంటుందనిపిస్తుంది.

ఇంగ్లండులో వాళ్లకి బాప్టిజం ఇచ్చి విలియం, కేథరిన్ అని పేర్లు పెట్టారు. తండ్రి ఆ ఏడాది అక్టోబరులోనే కలకత్తాలో చనిపోయాడు. ఇరవయ్యేళ్లకే వితంతువైన ఖైరున్నీసాను ఆయన సహాయకుడు హెన్రీ రస్సెల్ చేరదీశాడు. మోజు తీరాక మచిలీపట్నంలో వదిలేసి, 1808లో మద్రాసులో ఓ దొరసానిని పెళ్లాడాడు. ఆమె ఎలాగో హైదరాబాదు తిరిగొచ్చి 1813లో కన్నుమూసింది. పిల్లల్ని మళ్లీ చూడలేదు.

కేథరిన్ మాత్రం పెద్దదై, పెళ్లై, పిల్లల తల్లైంది. కార్లైల్ అంతటి రచయిత ఆమెను చూసి ముగ్ధుడయ్యాడట. ఒకరోజు స్వాలోఫీల్డ్‌లో రస్సెల్ గారింటికి వెళితే గోడమీద ఈ బొమ్మ కనిపించింది. చూసి బావురుమంది. చివరికి రస్సెల్ దాన్ని ఆమెకే రాసిచ్చాడు. ఆ మాత్రం పుణ్యమైనా కట్టుకున్నాడు!

పాతబస్తీలో అమ్మమ్మ షర్ఫున్నీసా ఇంకా బతికే ఉందని తెలిసి 1841లో ఉత్తరం రాసింది. తల్లీ అమ్మమ్మా ఆ గదిలో కూర్చున్నట్టు తనకిప్పటికీ కలలొస్తాయని అందులో రాసింది. ఈవిడ ఇంగ్లీషు, ఆవిడ పారసీ. మధ్యలో ఎవరో తర్జుమా చెయ్యాలి. 1847లో ముసలావిడ పోయేదాకా ఉత్తరాలు నడిచాయి. ఒకరినొకరు చూసుకోలేదు.

పిన్నిగారు ఫోను నా చేతికివ్వలేదు. వాళ్ల మనవలు డల్లాస్‌లో ఉన్నారు. పెద్దది తెలుగు మర్చిపోతోందని ఆవిడ బెంగ. "మొన్న ఫోన్లో నేను అడిగింది మా కోడలు ఇంగ్లీషులో చెబితేగానీ దానికి అర్థం కాలేదే" అన్నారు.

నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ మీదుగా ఆటోలో వస్తుంటే, "ఆ మెట్లు ఒక్కసారి చూపించవే" అన్నారు. కోఠీలో ఆపించాను. ఆదివారం కదా, గేటు వేసేసి ఉంది. ఊచలు పట్టుకుని ఆవిడ చాలాసేపు లోపలికి చూస్తూ నించున్నారు.