దడుపు దిగేదాకా

ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు. పట్టుచీరల మూటల పక్కనే, పాత మందుచీటీల సంచి ఒళ్లో పెట్టుకుని అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు పోయే కుటుంబాలు కూర్చునే దారి ఇది.

పెనుకొండ ఒకప్పుడు దడుచుకుని వచ్చినవాళ్లకు తావిచ్చిన ఊరు. 1565 జనవరిలో యుద్ధం ఓడాక తిరుమలరాయలు విజయనగరం వదిలి ఇక్కడికే చేరాడు. ఏనుగుల మీద తరలిన ఖజానా గురించి చరిత్ర పుస్తకాల్లో చదువుతాం. అయినవాళ్లను పోగొట్టుకున్న జనం ఆ తర్వాత రాత్రులెలా గడిపారో వాటిలో కనబడదు.

కన్ను మూస్తే అదే దృశ్యం, తలుపు చప్పుడుకే ఉలికిపాటు, జరిగిన చోటికి మళ్లీ పోలేకపోవడం. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో ఇవి చూశాక అమెరికా మానసిక వైద్యులు 1980లో దీన్ని జబ్బుల జాబితాకెక్కించారు. మన అమ్మలు ఎప్పుడో గుర్తుపట్టి దడుపు అన్నారు, తాయెత్తు కట్టించారు, దర్గాకు తీసుకుపోయారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ జరిగింది చెప్పబోతే మాత్రం "ఆ మాట ఎత్తొద్దు, మర్చిపో" అనేవాళ్లం. మాటల వైద్యం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. శిక్షణ పొందినవారి ఎదుట, భయం లేని చోట, కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. చెప్పగా చెప్పగా అది గడిచిపోయిన సంగతేనని మనసుకు పడుతుంది.

మందులకు లొంగని దిగులుకూ ఇది పనికొస్తుంది. బ్రిటన్‌లో అలాంటి 469 మందిని పరిశీలించారు. మందులతోపాటు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల వైద్యం కూడా అందినవారిలో ఆరు నెలలకు 46 శాతం మందికి బాధ సగమైనా తగ్గింది. అది అందనివారిలో 22 శాతం మందికే.

1847లో పిచ్చాసుపత్రిగా మొదలైన బెంగుళూరు సంస్థ 1954లో అఖిల భారత శిక్షణ సంస్థగా, 1974లో నిమ్హాన్స్‌గా మారింది. 1985లో మన పొరుగునే బళ్లారి జిల్లాలో, పల్లె ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే మానసిక వైద్యం నేర్పింది. దేశంలోని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా అయింది.

మందులైతే నెలకు సరిపడా ఒకేసారి తెచ్చుకోవచ్చు. మాటల వైద్యానికి వారానికోసారి చొప్పున పది పన్నెండు సార్లయినా పోవాలి. మగ్గం గుంతలోంచి లేచిన రోజు నేతగాడికి కూలి లేదు. మూడోసారికే రావడం మానేస్తే తప్పు అతనిదని ఎలా అంటాం?

గోవాలో దీనికి దారి వెతికారు. మానసిక వైద్యులు కాని స్థానికులకు శిక్షణనిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. తీవ్రమైన దిగులుతో ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. 495 మందితో చేసిన ఆ పరిశోధనలో మేలు స్పష్టంగా కనబడిందని 2017లో లాన్సెట్ ప్రచురించింది. అలాంటి మనిషి ఒకరు ధర్మవరం ఆసుపత్రిలో, మన యాసలోనే వినడానికి కూర్చుంటే, ఆ కుటుంబం మధ్యాహ్నానికల్లా మగ్గం దగ్గరికి తిరిగొస్తుంది.