సతీశ్ కౌశిక్: ఢిల్లీ రంగస్థలం నుంచి వెండితెర దాకా

హిందీ చలనచిత్ర, టెలివిజన్ హాస్యనటుడు, దర్శకుడు సతీశ్ కౌశిక్ 1956 ఏప్రిల్ 13న హరియాణాలోని మహేంద్రగఢ్‌లో జన్మించారు. ఢిల్లీ కిరోరీమల్ కళాశాలలో పట్టభద్రులై, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో నటన అభ్యసించారు.

‘జానే భీ దో యారో’ (1983) చిత్రానికి రంజిత్ కపూర్‌తో కలిసి సంభాషణలు రాసి, అందులో నటించారు. ‘మిస్టర్ ఇండియా’ (1987)లో వంటవాడు క్యాలెండర్ పాత్ర ఆయనకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. ‘రామ్ లఖన్’ (1989), ‘సాజన్ చలే ససురాల్’ (1996) చిత్రాలకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ హాస్యనటుడి పురస్కారాలు లభించాయి.

దర్శకుడిగా తొలి ప్రయత్నం, భారీ వ్యయంతో నిర్మితమైన ‘రూప్ కీ రాణీ చోరోం కా రాజా’ (1993) పరాజయం పాలైంది. దర్శకుడిగా ఆయనను నిలబెట్టింది తెలుగు కథే. ముత్యాల సుబ్బయ్య దర్శకత్వం వహించిన ‘పవిత్ర బంధం’ (1996) ఆధారంగా, డి.రామానాయుడు నిర్మాణంలో రూపొందించిన ‘హమ్ ఆప్‌కే దిల్ మే రహతే హై’ (1999) విజయం సాధించింది. మరుసటి ఏడాది ఆయన ‘పెళ్లి చేసుకుందాం’ చిత్రాన్ని ‘హమారా దిల్ ఆప్‌కే పాస్ హై’గా హిందీలోకి తెచ్చారు. తమిళ ‘సేతు’ ఆధారంగా ‘తేరే నామ్’ (2003) తీశారు.

‘బ్రిక్ లేన్’ (2007)లో లండన్‌లో స్థిరపడిన బంగ్లాదేశీ గృహస్థుడిగా గంభీర పాత్రలోనూ మెప్పించారు. 2015లో సబ్ టీవీ హాస్య ధారావాహిక ‘ద గ్రేట్ ఇండియన్ ఫ్యామిలీ డ్రామా’లో నటించారు.

2023 మార్చి 9న, 66 ఏళ్ల వయసులో, ఢిల్లీ సమీపంలోని గురుగ్రామ్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. జగ్జీవన్ రామ్ పాత్ర పోషించిన ‘ఎమర్జెన్సీ’ ఆయన మరణానంతరం, 2025 జనవరిలో విడుదలైంది.