మీవాళ్ళు ఏమంటారు?

1972 మే 15. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం. లారెల్ అనే ఊళ్ళో ఒక షాపింగ్ సెంటర్. సాయంత్రం నాలుగు కావస్తోంది.

పార్కింగ్ స్థలంలో వేదిక కట్టారు. పాటల బృందం వాయించడం ఆపి పక్కకు తప్పుకుంది. జార్జ్ వాలెస్ ప్రసంగం ముగించాడు. అలబామా గవర్నర్. డెమొక్రటిక్ పార్టీ టికెట్ మీద అమెరికా అధ్యక్షుడు కావాలని దేశమంతా తిరుగుతున్నవాడు. కొన్ని గంటల ముందు వీటన్‌లో జనం టమాటాలు విసిరారు. ఇక్కడ చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లకి ఆయన కరిగిపోయాడు. కోటు విప్పాడు. చొక్కా చేతులు మడిచాడు. తూటాలు దూరని బల్ల వెనకనుంచి బయటికొచ్చాడు. భద్రతావాళ్ళు వద్దన్నారు. వినలేదు.

గుంపులో ఒక కుర్రాడు. వయసు 21. నల్ల కళ్ళజోడు. ఒంటిమీద వాలెస్ పేరున్న బిళ్ళ. ముఖం నిండా నవ్వు. పేరు ఆర్థర్ బ్రెమర్. నెల కిందట అధ్యక్షుడు నిక్సన్‌ని చంపుదామని కెనడాలోని ఒట్టావా దాకా వెళ్ళి, సందు దొరక్క తిరిగొచ్చాడు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలీదు.

"జార్జ్! ఇటు, ఇటు!"

వాలెస్ అటు తిరిగాడు. చెయ్యి చాచాడు.

చాచిన చేతుల సందులోంచి ఒక రివాల్వర్ ముందుకొచ్చింది, ఢాం ఢామంటూ ఖాళీ అయ్యేదాకా పేలింది, వాలెస్ వెల్లకిలా నేలమీద పడ్డాడు, వెనకున్న అంగరక్షకుడూ పోలీసు అధికారీ ప్రచారానికొచ్చిన ఒక మహిళా కూలిపోయారు, జనం బ్రెమర్ మీద పడి కింద తొక్కేశారు, భార్య కార్నీలియా పరుగున వచ్చి ఇంకో తూటా పేలితే తనకే తగలనీ అన్నట్టు భర్త మీద బోర్లా పడుకుంది. ఇదంతా టీవీ కెమెరాలో పడింది. ఆ రాత్రి దేశమంతా చూసింది.

సిల్వర్ స్ప్రింగ్‌లోని హోలీ క్రాస్ ఆసుపత్రి. గంటల తరబడి ఆపరేషన్. ప్రాణం నిలబడింది. కానీ ఒక తూటా వెన్నెముకలో ఇరుక్కుంది. నడుము కింద స్పర్శ లేదు.

మర్నాడు మేరీలాండ్, మిషిగన్ రాష్ట్రాల ప్రైమరీ ఎన్నికల ఫలితాలొచ్చాయి. రెండింట్లోనూ వాలెస్ గెలిచాడు. గెలిచినవాడు కాళ్ళు కదపలేక మంచంమీద ఉన్నాడు.

పోటీలో ఉన్న మరో అభ్యర్థికి ఆ వార్త ఇంకోలా తాకింది. ప్రచారం కాసేపు ఆపుదామంది. ఆసుపత్రికి వెళ్తానంది.

ఆ మాట అన్నది షిర్లీ చిజమ్. విన్నవాళ్ళకి నోట మాట రాలేదు.

ఎందుకంటే ఆమె నల్లజాతి మహిళ. వాలెస్ ఎవరో తెలియని నల్లజాతి ఇల్లు అమెరికాలో లేదు.

1963 జనవరిలో గవర్నర్‌గా ప్రమాణం చేసిన రోజునే వాలెస్ గొంతెత్తి చెప్పాడు. నల్లవాళ్ళు వేరు, తెల్లవాళ్ళు వేరు. ఇవాళా అంతే, రేపూ అంతే, ఎప్పటికీ అంతేనని. అదే ఏడాది జూన్ 11న అలబామా విశ్వవిద్యాలయం గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. చేరడానికొచ్చిన వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థుల్ని లోపలికి రానివ్వనన్నాడు. కెనడీ ప్రభుత్వం నేషనల్ గార్డ్ దళాన్ని దింపితే గానీ తప్పుకోలేదు. 1965 మార్చి 7న సెల్మాలో ఓటుహక్కు కోసం నడిచినవాళ్ళ మీద విరుచుకుపడింది ఆయన రాష్ట్ర పోలీసులే. లాఠీలు. భాష్పవాయువు. వంతెన మీద పగిలిన తలలు.

అలాంటి మనిషిని ఓదార్చడానికి చిజమ్ వెళ్తుందా?

ఆమె మెతక మనిషి కాదు. 1924లో బ్రూక్లిన్‌లో పుట్టింది. తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు. తల్లి బట్టలు కుట్టేది, ఇళ్ళల్లో పనిచేసేది. 1968లో కాంగ్రెస్‌కి గెలిచింది. అమెరికా చరిత్రలో ఆ సభలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. నన్ను ఎవరూ కొనలేరు, నామీద ఎవరూ పెత్తనం చెయ్యలేరన్నది ఆమె ఎన్నికల నినాదం. వెళ్ళగానే వ్యవసాయ కమిటీలో పడేస్తే, బ్రూక్లిన్ జనానికి దానితో ఏం పనని సభలోనే నిలదీసింది. 1972 జనవరి 25న బ్రూక్లిన్‌లోని ఒక చర్చిలో అధ్యక్ష పదవికి నిలబడుతున్నానని ప్రకటించింది. తెల్లవాళ్ళు నవ్వారు. నల్లజాతి నాయకుల్లో చాలామంది ముఖం తిప్పుకున్నారు. చేతిలో డబ్బు లేదు. బెదిరింపులు మాత్రం బోలెడు. మొన్నమొన్నటిదాకా ఆమెకి కాపలా భర్త కాన్రాడే. వాలెస్‌ని కాల్చిన తరవాతే ప్రభుత్వం ఆమెకీ సీక్రెట్ సర్వీస్ భద్రత ఇచ్చింది.

ఆయనకి తగిలిన తూటాలు రేపు తనకీ తగలొచ్చు. అది ఆమెకి తెలుసు.

ఇంకో చిత్రం కూడా ఉంది. ఆ మార్చిలో ఫ్లోరిడాలో ఇద్దరూ పోటీపడ్డారు. మిగతా అభ్యర్థులు ఉత్తరాదిన ఒక మాట, దక్షిణాదిన ఒక మాట చెబుతారనీ, నాకు ఓటెయ్యకపోతే వాళ్ళకి మాత్రం వెయ్యొద్దు, చిజమ్‌కి వెయ్యండనీ వాలెస్ సభల్లో అన్నాడు. వెక్కిరింపో మెచ్చుకోలో ఎవరికీ అంతుపట్టలేదు. చిజమ్ మాత్రం ఆ మాట మర్చిపోలేదు.

ఎవరికీ ముందుగా చాటలేదు. కారు ఆసుపత్రి ముందు ఆగింది.

అప్పటికే ఆ గుమ్మంలోకి పెద్దపెద్దవాళ్ళు వచ్చి వెళ్ళారు. అధ్యక్షుడు నిక్సన్ వచ్చాడు. పోటీదారు హ్యూబర్ట్ హంఫ్రీ వచ్చాడు. తూటాకి భర్తని పోగొట్టుకున్న ఎథెల్ కెనడీ వచ్చింది. కానీ ఈ సన్నటి, పొట్టి మనిషి నడవాలో నడిచి వస్తుంటే కాపలావాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తలుపు తెరుచుకుంది.

మందుల వాసన. తెల్లటి దుప్పటి. దానికింద కదలని కాళ్ళు. ఒకప్పుడు బాక్సింగ్ చేసిన ఒళ్ళు అది. వేదిక మీద ఒక్క క్షణం కుదురుగా నిలబడని మనిషి. తల తిప్పి చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"మీరా? మీరిక్కడికెందుకు వచ్చారు?"

ఆమె మంచం దగ్గరికొచ్చింది.

"మీరు ఇక్కడికొచ్చారని తెలిస్తే మీవాళ్ళు ఏమంటారు?"

"ఏమంటారో నాకు తెలుసు," అంది చిజమ్. "కానీ మీకు జరిగింది ఎవరికీ జరగకూడదు."

అంతే. సెల్మా గురించి ఎత్తలేదు. విశ్వవిద్యాలయం గుమ్మం గురించి ఎత్తలేదు. క్షమించానని కూడా అనలేదు. ఆ పని తన ఒక్కదాని చేతుల్లో లేదు. ఎన్నికల సభలో వాలెస్‌కి ఎదురుపడితే అడుగడుగునా పోట్లాడే మనిషే ఆమె. ఆ రోజు పోట్లాటకి రాలేదు.

వాలెస్ ఏడ్చాడు. ఆగాడనుకుంటే మళ్ళీ ఏడ్చాడు. తరవాతెప్పుడు ఆ సంగతి చెప్పుకొచ్చినా, ఏడుస్తూనే ఉన్నాడు, ఏడుస్తూనే ఉన్నాడనే చెప్పేది చిజమ్.

డాక్టర్లు వచ్చారు. చాలు, ఇక వెళ్ళాలన్నారు. ఆమె లేవబోయింది. చెయ్యి రాలేదు. వాలెస్ గట్టిగా పట్టుకుని ఉన్నాడు. వదలడం లేదు.

వదిలించుకుని బయటపడింది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది.

వార్త బ్రూక్లిన్‌కి చేరింది. జనం మండిపడ్డారు. మన పిల్లల్ని తరిమికొట్టినవాడి చెయ్యి పట్టుకుంటావా? మా ఓట్లు వేయించుకుని వాడికి పరామర్శలా? ఆ మాటలు చిజమ్‌కి చాలాకాలం గుచ్చుకున్నాయి. తన సీటే పోతుందేమోనని ఆమె అనుకున్న రోజులున్నాయి.

దేశం రెండో కొసన, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో, ఇంకో అమ్మాయి ఉడికిపోతోంది. పేరు బార్బరా లీ. మిల్స్ కాలేజీలో నల్లజాతి విద్యార్థి సంఘం అధ్యక్షురాలు. ఇద్దరు పిల్లల తల్లి. రాజకీయాలంటేనే గిట్టని మనిషి. చిజమ్ ప్రసంగం విని మొదటిసారి ఓటరుగా నమోదైంది, ఆమె ప్రచారంలోకి దూకింది. ఇప్పుడిదేం పని? చిజమ్‌ని నిలదీసింది. ఎలా వెళ్ళారు మీరు, ఆ మనిషి దగ్గరికి?

చిజమ్ తగ్గలేదు. మనమంతా మనుషులమన్న సంగతి ఒక్కోసారి గుర్తుపెట్టుకోవాలి, అమ్మాయ్, అంది. మనిషి మారతాడన్న ఆశ వదలకూడదంది. ఒక్క మంచిపని ఎటు దారితీస్తుందో ఎవరికి తెలుసంది. అప్పటికి బార్బరాకి ఆ జవాబు మింగుడుపడలేదు.

జులైలో మయామీ బీచ్‌లో పార్టీ మహాసభ. వాలెస్ చక్రాల కుర్చీలో వేదికెక్కి మాట్లాడాడు. చిజమ్‌కి 152 మంది ప్రతినిధుల ఓట్లు పడ్డాయి. ఇద్దరూ ఓడారు. టికెట్ జార్జ్ మెక్‌గవర్న్‌కి దక్కింది. నవంబరులో బ్రూక్లిన్ కోపాన్ని దిగమింగి చిజమ్‌నే మళ్ళీ కాంగ్రెస్‌కి పంపింది.

వాలెస్ మంచంమీద ఏడ్చిన సంగతి అక్కడితో ముగిసిపోయేదే. ఏడుపుదేముంది, నొప్పికి ఎవరైనా ఏడుస్తారు. లేచాక ఏం చేశాడు?

వాలెస్ కూతురు పెగ్గీ ఆ సమయంలో 22 ఏళ్ళ మనిషి. నాన్న మనసులో మార్పుకి విత్తనం పడింది చిజమ్ వచ్చిన రోజునేనని ఆమె చాలా ఏళ్ళ తరవాత చెప్పింది. విత్తనం మొలవడానికి కాలం పట్టింది. నొప్పి వాలెస్‌ని చచ్చేదాకా వదల్లేదు. అలబామాలోని మాంట్‌గమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకప్పుడు పాస్టర్‌గా ఉన్న చర్చికి ఒక రోజు చెప్పాపెట్టకుండా వెళ్ళాడు, కుర్చీలోనే నల్లవాళ్ళ ముందుకొచ్చి మన్నించమని అడిగాడు. 1982లో మళ్ళీ గవర్నర్ అయ్యాడు, ఈసారి నల్లవాళ్ళ ఓట్లు కూడా పడ్డాయి. 1995లో సెల్మా పాదయాత్రకి 30 ఏళ్ళయిన సందర్భంగా నడిచివచ్చిన వాళ్ళని చక్రాల కుర్చీలో వెళ్ళి కలిశాడు. తను గుమ్మంలో అడ్డుకున్న వివియన్ మలోన్‌కి 1996లో వాలెస్ కుటుంబ ఫౌండేషనే సాహస పురస్కారం ఇచ్చింది. 1998లో ఆయన చనిపోయాడు.

నిజంగా మారాడా? ఓట్ల కోసం మారాడా? తూటా మార్చిందా, చిజమ్ మార్చిందా? అలబామాలో ఈ వాదన ఇంకా తెగలేదు. క్షమించినవాళ్ళున్నారు. క్షమించం అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది.

వాదనకి అందని సంగతి ఒకటుంది.

1938లో అమెరికా కనీస వేతన చట్టం చేసింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని అందులోంచి తప్పించేసింది. అంట్లు తోమేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు, వంటచేసేవాళ్ళు. దక్షిణాదిన వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు. ఇంటావిడ ఎంత చేతిలో పెడితే అంతే జీతం. చిజమ్ తల్లి చేసింది ఆ పనే.

చిజమ్ వాళ్ళకోసం సభలో పోరాటానికి దిగింది. 1973లో బిల్లు నెగ్గింది, నిక్సన్ వీటో చేశాడు. మళ్ళీ మొదటికొచ్చింది. దక్షిణాది సభ్యుల ఓట్లు కావాలి. వాళ్ళు నల్లజాతి పనిమనుషుల కోసం చెయ్యెత్తుతారా? అందులోనూ చిజమ్ అడిగితే?

ఆమె ఒక మనిషిని సాయం అడిగింది.

మాంట్‌గమరీ నుంచి ఫోన్లు వెళ్ళాయి. చక్రాల కుర్చీలోంచి జార్జ్ వాలెస్ దక్షిణాది కాంగ్రెస్ సభ్యులతో మాట్లాడాడు. చిజమ్‌కి ఓట్లు కూడాయి. 1974 ఏప్రిల్ 8న, ఈసారి సంతకం పెట్టక తప్పలేదు నిక్సన్‌కి.

మే 1 నుంచి పనిమనిషికి గంటకి కనీసం 1.90 డాలర్లు ఇచ్చి తీరాలి. బ్రూక్లిన్‌లో అయినా. అలబామాలో అయినా.