హంసపాదు, హంసపాది

తాటాకు మీద ఒక అక్షరం జారిపోతే లేఖకుడు ఆ చోట చిన్న గుర్తు పెట్టి, విడిచిన అక్షరాన్ని పక్కన చేర్చేవాడు. సంస్కృత లేఖకులకు ఆ గుర్తులో కాకి కాలు కనిపించింది, కాకపదం అన్నారు. తెలుగువాళ్లు అందులో హంస కాలిని చూశారు. మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పడితే, ఇంకేముంది, ఆదిలోనే హంసపాదు!

ఆ మాటకు తోబుట్టువు హంసపాది. ఇది నీడలో, చెమ్మలో పెరిగే మొక్క. హైదరాబాదులో ఆబిడ్స్, నాంపల్లి, ఖైరతాబాద్ మేడల బాల్కనీల్లో మెయిడెన్ హెయిర్ ఫెర్న్ పేరుతో కుండీల్లో వేలాడేది దీని కుటుంబమే.

ఆయుర్వేదంలోని హంసపాదిని వృక్షశాస్త్రజ్ఞులు ఎక్కువగా అడియాంటం లునులాటం అని గుర్తిస్తారు. లునులాటం అంటే నెలవంక వంటిది. సన్నని నల్లకాడకు అటూ ఇటూ అంచులు చీలిన చిట్టి ఆకులుంటాయి. వాటిలో మనవాళ్లకు హంస పాదం కనిపిస్తే పడమటివాళ్లకు చంద్రవంక కనిపించింది. చరకుడు దీన్ని కంఠానికి మేలుచేసే పది మూలికల్లో చేర్చాడు. యునానీ హకీములూ దీని దగ్గరి చుట్టాన్ని దగ్గు కషాయాల్లో వాడతారు. దాన్ని వాళ్లు పిలిచే పేరు పర్సియావషాన్. ఆ పేరు దగ్గరకు మళ్లీ వస్తాను.

అడియాంటం గ్రీకు మాట, తడవనిది అని అర్థం. ఆకు మీద నీళ్లు చిలకరిస్తే తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. లిన్నేయస్ 1753లో ఈ పాతమాటనే ప్రజాతి పేరుగా నిలిపాడు. అందులో ఒక జాతి కాపిల్లస్ వెనెరిస్, అంటే వీనస్ దేవి కురులు. నిగనిగలాడే ఆ నల్లకాడలే కురులన్నమాట. ఇంగ్లీషులో దేవి స్థానంలో కన్య ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అరబ్బీ పేరు: కుజ్‌బరతుల్ బీర్. అంటే బావి కొత్తిమీర. చూసినవాడు పెట్టిన పేరది. ఈ వీనస్ కురుల జాతి రాతి సందుల్లో, సున్నం ఉన్న చోట, నీరు ఊరే గోడల మీద మొలుస్తుంది. డంగుసున్నంతో కట్టిన పాత బావి ఒర దానికి సరైన ఇల్లు. అక్కడ వేరుకు ఎప్పుడూ చెమ్మ తగులుతుంది, నీరు మాత్రం నిలవదు. వెలుతురు వస్తుంది కానీ ఎండ పొడ పడదు. వేడిగాలి లోపలికి దిగదు.

గ్రీకు పేరునూ అరబ్బీ పేరునూ పక్కపక్కన పెడితే పెంపకం తెలిసిపోతుంది: ఆకు తడవక్కరలేదు, వేరు ఎండకూడదు. ఆకుల మీద నీళ్లు చల్లడం కన్నా కుండీ కింద పళ్లెంలో గులకరాళ్లు పరిచి, వాటి నడుమ నీళ్లు పోయడం మేలు. కుండీ అడుగు మాత్రం నీటిని తాకకూడదు. మట్టిలో ఆకుల ఎరువు, కొబ్బరి పొట్టు, కాస్త ఇసుక ఉండాలి. ఉత్తరపు కిటికీ మంచిది. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఒక్క జాగ్రత్త: నర్సరీల్లో ఎక్కువగా దొరికేది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన రాడియానం. ఇటలీ శాస్త్రజ్ఞుడు రాడీ పేరే దాని పేరు. దానికి కొంచెం పులుపున్న మట్టి నచ్చుతుంది కనుక బావి కొత్తిమీరకు ఇష్టమైన సున్నం దీనికి వేయొద్దు.

ఆబిడ్స్ పేటకు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిద్ అంగడి ఏనాడో పోయింది, పేట మాత్రం ఇప్పటికీ ఆబిడ్సే. ఫెర్న్ అనే మాటలోనూ అలాగే ఒక పాత రెక్క మిగిలి ఉంది. ఫెర్న్, సంస్కృతపు పర్ణం ఒకే మూలం నుంచి వచ్చినవి. వేదభాషలో పర్ణమంటే ఈక, రెక్క, ఆకు కూడా. గరుత్మంతుడు సుపర్ణుడైంది అందుకే. మరో దారిలో సంస్కృతపు పత్రం, గ్రీకు ప్టెరాన్ రెండూ ఎగరడం అనే ధాతువు నుంచి పుట్టాయి. ఫెర్న్‌కు గ్రీకు పేరు ప్టెరిస్ ఆ ప్టెరాన్ బిడ్డే. మనం మాత్రం తక్కువ తిన్నామా? పక్షికి రెక్క, పువ్వుకు రెక్క, తలుపుకూ రెక్కే.

ఫారసీ పర్ కూడా ఈకే, పర్ణానికి చుట్టమే. పర్సియావషాన్‌లో ఉన్నది ఆ పర్. మిగిలినది షానామా కథలోని రాకుమారుడు సియావుష్. తప్పు చేయకుండానే చంపబడ్డాడు, అతని నెత్తురు పడ్డ నేలలో ఒక మొక్క మొలిచింది. ఆ మొక్క ఇదేనని సంప్రదాయం.

ఈ కథను నమ్మడానికి రోహిణి కార్తె చాలు. హైదరాబాదు వడగాలికి ఒక్క మధ్యాహ్నంలో కుండీ అంతా కరకరలాడే గోధుమరంగు పొట్టవుతుంది. చాలామంది అప్పుడే పారేస్తారు. పారేయకండి. ఎండిన కాడలను మట్టి మట్టానికి కత్తిరించి, నీడకు చేర్చి, మట్టి ఆరకుండా చూడండి. మట్టిలోని కొమ్ము బతికి ఉంటే కొన్ని వారాల్లో చుట్ట చుట్టుకున్న చిగుళ్లు లేస్తాయి.

మన నర్సరీల చీటీల మీద మెయిడెన్ హెయిర్ పక్కన హంసపాది అని కూడా రాయాలని నా కోరిక. జాతి వేరైనా కుటుంబం ఒకటే, పేరు ఆపాటి సాగుతుంది.