వంకరకీ వంపుకీ మధ్య

మా కొవ్వూరు గట్టున నిలబడితే గోదావరి మీద 28 కాంక్రీటు విళ్ళు వరసగా కనిపిస్తాయి. 1997లో పూర్తయిన రైలు వంతెన అది. కిందటి సంక్రాంతి సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఆ విళ్ళని కంప్యూటర్ పలకమీద గీద్దామని కూర్చుంది. ఒక్కటీ విల్లులా రాలేదు. అన్నీ ఎలక కొరికిన అప్పడాల్లా వచ్చాయి.

"మరీ అంత నెమ్మదా? చెయ్యి ఆగితే పిండి కుప్పపడుతుందే!" అంది పడక్కుర్చీలోంచి మా అమ్మ.

నవ్వాం గాని, ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. నెమ్మదిగా గీసే చేతిలోని ప్రతి వణుకునీ పలక పట్టేసుకుంటుంది. ముగ్గు వేసేటప్పుడు మీరూ గమనించే ఉంటారు. వేళ్ళ సందునుంచి పిండి ధారగా జారుతూంటే పెద్ద మెలిక మణికట్టుతో తిరగదు, భుజం దగ్గర్నుంచి తిరుగుతుంది. చూపు వేళ్ళమీద కాదు, గీత చేరవలసిన చోట ఉంటుంది.

ఇదే నున్నటి గీత కోసం మగవాళ్ళు ఎంత హంగు చేశారో చూడండి! ఐరోపాలో ఓడలు కట్టేవాళ్ళు సన్నటి చెక్కబద్దని వంచి, అక్కడక్కడ సీసపు బరువులు పెట్టి, బద్ద తనంతట తాను తిరిగిన దారినే గీత గీసుకునేవారు. ఆ బద్ద పేరు స్ప్లైన్. బరువులకి 'బాతులు' అని ముద్దుపేరు.

తరవాత కార్ల వంతు. 1959లో ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో అనే ఆయన ఆ వంపుని లెక్కల్లోకి తెచ్చాడు. కంపెనీ దాన్ని రహస్యంగా దాచింది. రెనో కంపెనీలో పియర్ బెజియే విడిగా అదే దారికి చేరి, 1960లలో లోకానికి చెప్పాడు. అందుకని అది 'బెజియే వంపు' అయింది. ముందు వండినాయన గిన్నెమీద మూత తియ్యనివ్వకపోతే వాసన ఎవరికి తెలుస్తుంది?

ఆ లెక్క మన వాకిట్లోదే అనిపించింది నాకు. నాలుగు చుక్కలు పెడతారు. గీత మొదటి చుక్కలో బయల్దేరి చివరిదాంట్లో ఆగుతుంది. నడుమ రెండూ దాన్ని తమవైపు లాగుతాయే గాని, మామూలుగా గీత వాటిని తాకదు. మెలికల ముగ్గు కూడా చుక్కని తాకకుండా చుట్టి వెళ్తుంది కదా! ఇది నా వేళాకోళం అనుకోకండి. 1974లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ గార్లు తమిళుల ముగ్గులకి కంప్యూటర్ వ్యాకరణం రాసి, పేరున్న పత్రికలో అచ్చువేశారు. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు సుమండీ!

బెజియే వంపులు 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే అచ్చుయంత్రాల భాషలోకీ, 1987లో ఇలస్ట్రేటర్ అనే బొమ్మల ప్రోగ్రాములోకీ వచ్చాయి. ఇవాళ ఫోనులో మీరు చదివే గుండ్రటి 'అ' కూడా లోపల అలాంటి చుక్కల మూటే. తాటాకు మీద గంటంతో తిన్నటి గీత లాగితే ఆకు చీలుతుందని మన లిపి గుండ్రబడిందంటారు. అంత గుండ్రదనాన్నీ ఇప్పుడు చుక్కలు మోస్తున్నాయి.

చేత్తో గీసేవాళ్ళకోసం బొమ్మల ప్రోగ్రాముల్లో ఇంకో ఉపాయం ఉంది. కలం తిరిగిన చోట్లని కాసిని పోగుచేసి, వాటి సరాసరి మీద గీత నడిపిస్తారు. గీత చేతికి కాస్త వెనకబడుతుంది గాని, వణుకు కనబడదు.

మా అమ్మ చేతులకి రెండేళ్ళుగా వణుకు. ముగ్గు మానేసింది. పిండిగిన్నె ఎక్కడ పెట్టిందో కూడా అడగనివ్వదు. మా అమ్మాయి ఆ ఉపాయం ఆన్ చేసి కలం ఆవిడ చేతికిచ్చింది. చెయ్యి వణుకుతూనే ఉంది. తెరమీద మాత్రం మెలిక నున్నగా, పాము జారినట్టు తిరిగింది. అమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

"నా వణుకంతా ఎక్కడికి పోయిందే?"

"సరాసరిలో కలిసిపోయింది అమ్మమ్మా."

"అయితే అది తీసెయ్యి. ఓసారి మామూలుగా వేస్తాను," అంది.

తీసేసింది. అమ్మ ఈసారి మోచెయ్యి పైకెత్తి, ఆగకుండా, గబగబా లాగింది. కొన్నిచోట్ల గీత బెసికింది. చుక్కకి మాత్రం ఎక్కడా తగల్లేదు.