వంటింటి కిటికీలోంచి కనబడే తోట



వంట చేస్తూ చేస్తూ కిటికీలోంచి తొంగిచూస్తే మీకేం కనబడుతుంది? చాలామందికి పక్కింటివారి గోడ. పిల్లలెక్కడ ఆడుతున్నారో చూడాలంటే స్టవ్వు తగ్గించి వీధిగుమ్మం దాకా పరుగెత్తాలి. ఇళ్ళతో పాటు తోటలు కూడా వేసి, లోకమంతా మెచ్చుకున్న ఒక నగరం, ఈ చిన్న ఇబ్బందిని తన ప్లానుల్లోకి ఎక్కించడానికి డెబ్భై యేళ్ళు పట్టింది. ఆ నగరం ఆస్ట్రియా రాజధాని వియన్నా.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి అక్కడి కార్మికుల కాపురాలు చూస్తే జాలేస్తుంది. ఒక గది, ఒక వంటిల్లు. ఆ వంటింటి కిటికీ కూడా వరండాలోకే. నీళ్ళ కొళాయీ, మరుగుదొడ్డీ అందరికీ ఉమ్మడిగా ఆ వరండాలోనే వుండేవి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్లకు ఆ వూళ్ళో ప్రత్యేకంగా ఒక మాటే వుంది. మనకి తెలియని సంగతేం కాదులెండి! అద్దె కట్టలేనివాళ్ళు ఇంట్లో మంచాన్ని గంటల లెక్కన పరాయివాళ్ళకి అద్దెకిచ్చేవారు. గాలీ వెలుతురూ లేని ఆ ఇళ్ళల్లో క్షయ ఎంతగా పాకిందంటే, దానికి ‘వియన్నా జబ్బు’ అని పేరొచ్చింది.

1918లో ఆస్ట్రియా స్త్రీలకు ఓటు వచ్చింది. మరుసటి ఏడు నగర ఎన్నికల్లో సోషల్ డెమోక్రాట్లు గెలిచారు. నగర ఖజానా చూసిన హ్యూగో బ్రైట్నర్ 1923లో ఇళ్ళ నిర్మాణానికని ఒక పన్ను వేశాడు. చిన్న ఇంటివాడికి నామమాత్రం, పెద్ద భవంతివాడికి చుక్కలు కనిపించేటంత. ఆ డబ్బుతో 1934 నాటికి నగరమే 60,000 పైచిలుకు ఇళ్ళు కట్టింది.

వీటిలో పేరుపడ్డది 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్. పొడవు కిలోమీటరుకు పైనే, కాపురాలు 1,382. అయినా స్థలంలో ఐదోవంతు కూడా కట్టడానికి వాడలేదు. మిగిలిందంతా చెట్లు, పచ్చిక, పిల్లలాడుకునే జాగా. లోపలే స్నానశాలలు, శిశువిహారాలు, గ్రంథాలయం, మందులషాపు.

ఉమ్మడి చాకిరేవు కూడా వుంది, ఆవిరి యంత్రాలతో సహా. ఇంటిల్లిపాది బట్టలూ వంతు ప్రకారం అక్కడ ఉతుక్కోవచ్చు. లోపలికి మగవాళ్ళకి ప్రవేశం లేదు, పనిని అజమాయిషీ చేసే ఉద్యోగికి తప్ప. ఆవిరిలో, వేడిలో పనిచేసే ఆడవాళ్ళకి మరుగు వుండాలనే సదుద్దేశమే. కాని బట్టలుతకడం ఆడదాని పనే అని గోడమీద రాసిపెట్టినట్టు కూడా అయింది కదా!

1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం వచ్చి ఈ ఇళ్ళమీదే ఫిరంగులు పేలాయి. తరువాత రెండో ప్రపంచయుద్ధం. అదీ ముగిశాక నగరం మళ్ళీ ఇళ్ళు కట్టడం మొదలుపెట్టింది. ఇళ్ళు పెరిగాయి, పార్కులు పెరిగాయి. వాటిలో రోజంతా గడిపేవాళ్ళని మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

1991లో ఎవా కైల్, మరొక స్త్రీ కలిసి ఒక ఫోటో ప్రదర్శన పెట్టారు. ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో, ఏ దారుల్లో నడుస్తారో బొమ్మల్లో చూపించారు. మరుసటి ఏడే నగరంలో మహిళా విభాగం ఏర్పడింది, కైల్ దానికి మొదటి అధికారిణి. 1993లో స్త్రీ ఆర్కిటెక్టుల మధ్య పోటీ పెట్టి, 1997కల్లా 357 ఇళ్ళ సముదాయం పూర్తి చేశారు. వంటిళ్ళు పిల్లలాడుకునే ఆవరణవైపు చూస్తాయి. చంటిపిల్లల బండి పెట్టుకునే గది ప్రతి అంతస్తులోనూ వుంది. మెట్ల దగ్గర వెలుతురూ, పక్కింటివాళ్ళు నిలబడి రెండు మాటలాడుకునే చోటూ వున్నాయి.

ఇక పార్కుల సంగతి. 1996–97లో అక్కడ ఒక పరిశీలన జరిగింది. తొమ్మిదేళ్ళు దాటగానే ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోంది, మగపిల్లలు తగ్గడం లేదు. ఎవరూ పొమ్మనలేదు. పార్కు మధ్యలో ఒకే ఒక పెద్ద ఖాళీజాగా. మగపిల్లలు బంతితో దిగితే ఆడపిల్లలు చోటు కోసం తగవు పడకుండా ఇంటిదారి పట్టేవారు. మన కాలనీ పార్కులో క్రికెట్టు నడిచేటప్పుడు ఆడపిల్లలు ఎక్కడుంటారో ఈసారి గమనించి చూడండి.

1999లో నగరంలోని అయిదో వార్డులో రెండు పార్కులను మార్చి చూశారు. గోడలు కట్టలేదు. మొక్కలతో, నడవలతో పెద్ద జాగాని చిన్నచిన్న చోట్లుగా విడదీశారు. వాలీబాల్‌కీ, బ్యాడ్మింటన్‌కీ కోర్టులు వేశారు. కాలిబాటలు సులువుగా నడిచేలా సరిచేశారు. అంతే, ఎంతోకాలం పట్టలేదు: ఒక మూల ఆడపిల్లలు, ఇంకో మూల మగపిల్లలు, ఒకరిని ఒకరు తోసుకోకుండా ఆడుకోవడం మొదలుపెట్టారు.